రైటరు గారు రాయని వాక్యం

ఉమామహేశ్వరరావు గారు ముప్పై ఒక్క ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేశారు గానీ, ఒక్క దొంగ వెనకాల కూడా పరిగెత్తలేదు. ఆయన స్టేషన్ రైటరు. అంటే కథలూ నవలలూ రాసే రైటరనుకునేరు. స్టేషన్‌కి వచ్చి ఏడ్చేవాళ్ళ ఏడుపుని కాగితం మీద పెట్టే హెడ్ కానిస్టేబుల్ ఆయన. కృష్ణా జిల్లాలో ఆరు స్టేషన్లు తిరిగారు. ఎస్సైలు వచ్చేవారు, పోయేవారు, ఒకరికి కోపం ఎక్కువ, ఇంకొకరికి భక్తి ఎక్కువ. రైటరు గారి కుర్చీ మాత్రం కదిలేది కాదు. ఎందుకంటే ఆయన చేతిరాత ముత్యాల్లా ఉండేది, అంతకన్నా ముఖ్యంగా, ఆయనకి రాజీ చేయించడం వచ్చు.

రాజీ అంటే పెద్ద విద్యేం కాదు. దెబ్బలు తిన్నవాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెప్పించాలి. "ఒకే ఊళ్ళో ఉండాల్సినవాళ్ళు, ఎందుకయ్యా కేసులూ కోర్టులూ" అనాలి. వాడు తల దించుకోగానే కలం తియ్యాలి. "ప్రమాదవశాత్తు కాలు జారి పడితిని. ఇందులో ఎవరి ప్రమేయమూ లేదు. చదివి వినిపించగా విని, సరియైనదని ఒప్పుకొని సంతకం చేసితిని." ఈ మూడు వాక్యాలూ ఆయన ఎన్ని వందల సార్లు రాశారో లెక్క లేదు. కృష్ణా జిల్లాలో అంతమంది కాలు జారి పడ్డారంటే నేల మీద నూనె పోసి ఉండాలి. అయినా ఎవరూ అడగలేదు. అడగకపోవడమే రాజీ.

రిటైరై ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడాయన మిషిగన్‌లో, ట్రాయ్‌లో, కూతురు రేణు ఇంట్లో ఉన్నారు. భార్య రాజేశ్వరమ్మతో కలిసి ఆరు నెలలకని రావడం ఇది రెండోసారి. రేణు ఒక ఆసుపత్రి ఆఫీసులో పని చేస్తుంది. అల్లుడు దామోదర్ కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు అనిక, పన్నెండేళ్ళు, ఏడో క్లాసు. పొద్దున ఎనిమిదికల్లా ముగ్గురూ వెళ్ళిపోతే, ఇల్లు ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడనంత నిశ్శబ్దమైపోతుంది. బయటికెళ్దామంటే కారుండాలి, కారుంటే లైసెన్సుండాలి. అందుకని మధ్యాహ్నం భోంచేసి టీవీ ముందు కూర్చోవడం ఆయనకి డ్యూటీ అయిపోయింది.

అలా రిమోటు నొక్కుతూ నొక్కుతూ ఒకరోజు ఒక జర్మన్ సీరియల్‌లో పడ్డారు. పోలీసు కథలు. భాష ఒక్క ముక్క అర్థం కాదు, కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తుంటాయి. ఎప్పుడూ వాన, ఎప్పుడూ మబ్బు. తుపాకులు పేలవు, కార్లు ఎగరవు. నెరిసిన జుట్టున్న ఒక ఇన్‌స్పెక్టరమ్మ ఆకుపచ్చ కోటు వేసుకుని ఇంటింటికీ వెళ్ళి, కుర్చీలో కూర్చుని, ప్రశ్నలడిగి రాసుకుంటుంది.

"వీళ్ళకి నవ్వు రాదాండీ?" అనేది రాజేశ్వరమ్మ, కునుకు తీసే ముందు.

"నీకు తెలీదులే. ఆవిడ స్టేట్‌మెంట్ ఎంత బాగా తీసుకుంటోందో చూడు," అనేవారీయన. తన వృత్తిని గౌరవంగా చూపించిన వాళ్ళని ఆయన మొదటిసారి చూశారు మరి.

ఆ సెప్టెంబరు సోమవారం మూడుంపావుకి, రోజూలాగే, వీధి మలుపులో బస్సు దగ్గరికి వెళ్ళారు. అనిక దిగింది. భుజం మీద ఉండాల్సిన బ్యాగు చేతిలో వేలాడుతోంది. పట్టీ తెగి ఉంది.

"ఏమయింది తల్లీ?"

"ఆ బాయ్స్ లాగాడు, తాతయ్యా." అనిక తెలుగులో ఒకళ్ళయినా పదిమందయినా 'లాగాడు'నే. "త్రీ బాయ్స్. జిమ్ స్టెయిర్స్ దగ్గర నిలబడతాడు. 'పేపర్స్ చూపించు' అని గేమ్. పేపర్స్ లేకపోతే 'డిపోర్ట్, గో బ్యాక్' అని కిందకి పుష్ చేస్తాడు."

"అందర్నీనా?"

"కాదు. నన్ను, రియాని, ఇంకా ఆ మెక్సికన్ కిడ్‌ని. బ్రౌన్ కిడ్స్‌ని మాత్రమే."

రైటరు గారి మనసు ఆ మాట దగ్గర ఆగలేదు. ఇంటికి పరిగెత్తింది. ఆ ఇంట్లో మూడు నెలలుగా అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. దామోదర్ వీసా ఎక్స్‌టెన్షన్ ఎక్కడో ఆగిపోయింది. ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు. ఫోన్ మోగితే అతని ముఖం మారిపోతోంది. ఇలాంటి ఇంట్లోకి ఈ పిల్ల ఈ గొడవ తీసుకెళ్తే ఎలా? అంతే, ఆలోచించనైనా ఆలోచించకుండా నోటి నుంచి వచ్చేసింది.

"మీ నాన్న అసలే టెన్షన్‌లో ఉన్నాడు తల్లీ. ఇంట్లో చెప్పకు. ఎవరైనా అడిగితే జారిపడ్డానని చెప్పు. గొడవుండదు."

అనిక ఆయన వైపు ఒక్క క్షణం చూసింది. "ఓకే," అంది. సాయంత్రం రేణు బ్యాగు చూసి అడిగితే "పడిపోయాను మమ్మీ, స్టెయిర్స్ మీద," అని చెప్పింది. రైటరు గారు పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు.

గురువారం మధ్యాహ్నం సీరియల్‌లో బడి కథ వచ్చింది. అదేదో చిన్న ఊరు. సిరియా నుంచి వచ్చిన ఒక కుటుంబం. వాళ్ళ అబ్బాయి బడి మెట్ల కింద చెయ్యి విరిగి పడి ఉన్నాడు. గోడ మీద 'వెళ్ళిపోండి' అని రంగుతో రాసి ఉంది. హెడ్మాస్టరు చాలా మర్యాదస్తుడు, పిల్లలన్నాక ఆడుకుంటారు, పడతారు అంటాడు. పిల్లవాడి తల్లి కూడా తల దించుకుని అదే చెబుతుంది. ఆమెకి జర్మన్ రాదు, మధ్యలో అనువాదం చేసే మనిషి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ అంతా రాసింది. రాసి, ఆ కాగితాన్ని అనువాదకుడి చేతికిచ్చి, "ఆమెకి చదివి వినిపించండి, ఒక్కో వాక్యం," అంది.

ఉమామహేశ్వరరావు గారు కుర్చీలో ముందుకి జరిగారు.

అతను చదువుతున్నాడు. 'నా కొడుకు ఆడుకుంటూ పడిపోయాడు' అన్న వాక్యం రాగానే ఆ తల్లి చెయ్యి చాచి కాగితం మీద అరచెయ్యి పెట్టేసింది. అక్షరాలు కనపడకుండా మూసేసింది. "ఇది నా మాట కాదు," అంది.

రైటరు గారు టీవీ కట్టేశారు. మిగతా కథ ఏమయిందో ఆయనకిప్పటికీ తెలీదు. ఇరవై రెండేళ్ళుగా గుర్తు రానివ్వకుండా తొక్కిపెట్టిన ఒక బొటనవేలి ముద్ర ఆయన కళ్ళ ముందుకొచ్చింది. చదివి వినిపించగా అని వందలసార్లు రాశారు సరే, నిజంగా చదివి వినిపించిందెన్నిసార్లు? ఆ లెక్క వెయ్యడానికి ధైర్యం చాలక, చెప్పులేసుకుని బస్సు కోసం అరగంట ముందే మలుపులోకెళ్ళి నిలబడ్డారు.

ఆ రోజు ఎండ బాగా కాసింది. పిల్లలందరూ పొట్టి చేతుల చొక్కాల్లో దిగారు. అనిక మాత్రం హుడీ వేసుకుని, స్లీవులు వేళ్ళ దాకా లాక్కుని దిగింది.

"చెయ్యి చూపించు."

"ఏం లేదు తాతయ్యా. జారిపడ్డాను."

అచ్చం ఆయన నేర్పిన మాటే. ఒక్క అక్షరం తప్పు పోలేదు. తెలుగులో ఆ పిల్ల స్పష్టంగా పలికిన మొట్టమొదటి వాక్యం ఇదేనేమో అనిపించింది ఆయనకి.

ఇంటికొచ్చాక స్లీవు పైకి మడిచారు. ఎడమ చేతికి, మోచేతి కింద, బయటివైపు, మూడు నల్లటి కముకు దెబ్బలు. అరచెయ్యి తిప్పి చూశారు. గీత కూడా లేదు. మోకాళ్ళు చూశారు. శుభ్రంగా ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళలో గాయాల సర్టిఫికెట్లు ఎన్ని చూశారాయన! జారిపడేవాడు నేలకి అరచెయ్యి ఆనిస్తాడు. బయటివైపు దెబ్బలు చెయ్యి అడ్డం పెట్టుకున్నవాడికే తగులుతాయి. ఇది తెలిసి ఉండి కూడా ఎన్నోసార్లు జారిపడ్డాడని రాసిన చెయ్యి ఆయనది. ఆ చెయ్యి ఇప్పుడు మనవరాలి చేతిని పట్టుకుని ఉంది.

"దేనితో కొట్టారమ్మా?"

అనిక స్లీవు కిందకి లాక్కుంది. రాజేశ్వరమ్మ ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి తెచ్చి, మొగుడి ముఖంలోకీ మనవరాలి ముఖంలోకీ మార్చి మార్చి చూసింది.

రేణూ దామోదరూ వచ్చేసరికి స్కూలు నుంచి ఈమెయిల్ కూడా వచ్చేసింది. ఇద్దరు విద్యార్థుల మధ్య ఆటలో చిన్న ఘర్షణ జరిగిందట. అవతలి అబ్బాయి పెదవి రైలింగుకి తగిలి చిట్లిందట. రెండు కుటుంబాలూ ఒక ఒప్పందం మీద సంతకం చేస్తే విషయం అక్కడితో ముగిసిపోతుందట. శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకి మీటింగు. దామోదర్ ఆ కాగితాన్ని ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. రైటరు గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. ఇంగ్లీషులో ఉందన్న మాటే గానీ, ఆ కాగితాన్ని ఆయన పుట్టినప్పటి నుంచీ ఎరుగుదురు. అది రాజీ కాగితం.

"దాని చెయ్యి చూశావా నువ్వు?" అంది రేణు.

"చూశాను కాబట్టే అంటున్నా. సైన్ చేసేస్తే అయిపోతుంది."

"అయిపోవడమేంటి దామోదర్? ఎవడో కొట్టాడు దాన్ని!"

"అది పడిపోయానంటోంది కదా! నువ్వు కంప్లైంట్ ఇస్తే ఇన్వెస్టిగేషన్ అంటారు, పోలీస్ రిపోర్ట్ అంటారు. వాళ్ళ లాయర్ మన మీద తిప్పుతాడు. నా వీసా పిటిషన్ పెండింగ్‌లో ఉంది, తెలుసు కదా నీకు? ఇప్పుడు మన పేరు ఏ రికార్డ్‌లోనూ ఉండకూడదు." అతను కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. "నాకు మాత్రం కడుపు మండట్లేదా రేణూ?"

అనిక అన్నం కెలుకుతోంది. ఆ ఇంట్లో అమెరికా పాస్‌పోర్టు ఉన్నది ఆ పిల్ల ఒక్కదానికే. పేపర్లు చూపించమని మెట్ల మీద నిలదీసిందీ ఆ పిల్లనే.

"నువ్వు చెప్పవే, నిజంగా పడిపోయావా?" రేణు కూతురి గడ్డం పట్టుకుంది.

అనిక తాతయ్య వైపు చూసింది. ఎక్కువసేపు కాదు, కంచంలోంచి ఒకసారి తల ఎత్తి దించేంతసేపు. తర్వాత "పడిపోయాను మమ్మీ," అంది.

"ఏవండీ, మీరేం మాట్లాడరేం?" అంది రాజేశ్వరమ్మ.

మాట్లాడితే సోమవారం సంగతి బయటపడుతుంది. కూతురి ముందు, అల్లుడి ముందు, తన మాట వల్లే ఈ పిల్లకి దెబ్బలు తగిలాయని ఒప్పుకోవాలి. ఉమామహేశ్వరరావు గారికి ధైర్యం చాలలేదు. ఉన్న మాట చెప్పుకోవాలంటే, పిరికితనం. "పొద్దున చూద్దాం లే," అని లేచి చెయ్యి కడుక్కున్నారు.

పొద్దున ఆరున్నరకి వంటింట్లో అనిక ఒక్కతే స్టూలు మీద కూర్చుని పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ వేసుకుని తినకుండా చూస్తోంది. కుడిచేత్తో స్పూను, ఎడమ చెయ్యి ఒళ్ళో. ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నారు. చేతిలో పొడుగు నోటు పుస్తకం ఉంది, జేబులో కలం ఉంది.

"నీకొకటి చెప్పాలి తల్లీ. మీ అమ్మమ్మకి కూడా చెప్పలేదు."

అనిక తల తిప్పింది.

"నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు మా స్టేషన్ దగ్గర ఇటుకల బట్టీలుండేవి. వాటిల్లో పనిచెయ్యడానికి ఒరిస్సా నుంచి వచ్చేవాళ్ళు. వాళ్ళకి తెలుగు రాదు. వాళ్ళ పిల్ల ఒకతి, బసంతి అని, నీ అంతే ఉంటుంది, అక్కడి బళ్ళో చేరింది. క్లాసులో మగపిల్లలు 'ఒరియాదానా, మీ ఊరికి పో' అని దాన్ని బడి అరుగు మీంచి తోసేశారు. చెయ్యి విరిగింది. వాళ్ళ నాన్న ఆ పిల్లని ఎత్తుకుని స్టేషన్‌కొచ్చాడు."

"అప్పుడు మీరు వాళ్ళని అరెస్ట్ చేశారా?"

"లేదు. తోసినవాళ్ళు ఊళ్ళో పెద్దవాళ్ళ పిల్లలు. మా ఎస్సై గారు 'చూసుకో రైటరూ' అన్నారు. నేను చూసుకున్నా. జారిపడిందని రాశాను. దాని కింద 'చదివి వినిపించగా ఒప్పుకున్నాను' అని రాసి, వాళ్ళ నాన్న వేలు పట్టుకుని ముద్ర వేయించాను. చదవలేదు. చదివినా అతనికి అర్థం కాదు. అతనేమనుకున్నాడో తెలుసా? కంప్లైంట్ రాశాననుకున్నాడు. నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్ళాడు."

అనిక స్పూను గిన్నెలో పెట్టేసింది.

"తర్వాత ఆ పిల్ల బడికి రాలేదు. మూడు నెలల తర్వాత బట్టీ దగ్గర చూశాను. చెయ్యి వంకరగా అతుక్కుంది. ఒక్క చేత్తో ఇటుకలు మోస్తోంది. నన్ను చూసి నవ్వింది కూడా." ఆయన నోటు పుస్తకం తెరిచారు. "నీకు నేర్పిన మాట నేను దానికి రాసిన మాటేనమ్మా. తప్పు చేశాను. నువ్వు నాకు జరిగింది జరిగినట్టు చెప్పు. రాసుకుంటాను. ఇష్టం లేకపోతే వద్దు."

పైన బాత్రూములో దామోదర్ షవర్ తిప్పాడు.

"స్కూల్ స్టార్ట్ అయిన సెకండ్ వీక్ నుంచి," అంది అనిక.

చెప్పింది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. ఆయన రాశారు. చెప్పిన వేగానికి చెయ్యి ఆగకుండా, పాత రోజుల్లోలాగే. గురువారం రియా జిమ్‌కి వెళ్తుంటే ఆ ముగ్గురూ ఆపారు. రియా ఏడుస్తుంటే అనిక మధ్యలోకి వెళ్ళింది. ఒకడు చేతిలో ఉన్న ఇనప వాటర్ బాటిల్‌తో మూడుసార్లు కొట్టాడు. చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడోసారి వాణ్ణి తోసింది, అప్పుడు వాడి పెదవి రైలింగుకి తగిలింది. అది కూడా రాయమంది. రాశారు. ఆఖర్న అలవాటు ప్రకారం 'చదివి వినిపించగా' అని రాసి, కింద జాగా వదిలారు.

"అనికా, టైమయింది!" గరాజ్ దగ్గర్నుంచి దామోదర్ కేకేశాడు. చదివి వినిపించే వ్యవధి లేకపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నేనూ వస్తాను," అన్నారు. దామోదర్ ఏదో అనబోయి, రేణు ముఖం చూసి ఊరుకున్నాడు.

స్కూలు తలుపు దగ్గర రిసెప్షన్‌లో కూర్చున్నావిడ నవ్వుతూ ఐడీ అడిగింది. ఆయన పాస్‌పోర్టు చూపించారు. ఆయన ఫోటోతో ఒక స్టిక్కరు వచ్చింది, చొక్కాకి అతికించింది. గది చిన్నది. గుండ్రటి బల్ల, గోడ మీద 'దయగా ఉండండి' అని రంగురంగుల పోస్టరు. వైస్ ప్రిన్సిపాల్ యాభై ఏళ్ళావిడ, మంచి మనిషిలాగే ఉంది. ఆ మాటకొస్తే రైటరు గారిని కూడా జనం మంచి మనిషనే అనేవారు.

అవతలి కుటుంబం నిన్ననే వచ్చి సంతకం చేసిందనీ, ఇక మీరు చేస్తే పిల్లలిద్దరూ హాయిగా ముందుకు సాగవచ్చనీ ఆవిడ చెప్పింది. కాగితం బల్ల మీద జరిపింది. సంతకాలకి రెండు గీతలు, ఒకటి తల్లిదండ్రులది, ఒకటి అనికది. దామోదర్ కలం క్యాప్ తీశాడు. అనిక హుడీ స్లీవు గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ఆ గీతల మీద రెండు సంతకాలు పడితే ఇక ఆ పిల్ల మాటకి విలువుండదు, ఎప్పటికీ జారిపడినట్టే. అది ఆ గదిలో రైటరు గారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

"మేడమ్, వన్ మినిట్," అన్నారాయన ఇంగ్లీషులో. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "ప్లీజ్ రీడ్ ఇట్ టు ది చైల్డ్."

"నిన్ననే ఈమెయిల్ చేశామండీ," అందావిడ.

"చదవండి, ప్లీజ్," అంది రేణు. ఆ మాటలో బతిమాలడం లేదు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది. విద్యార్థులు మెట్ల మీద ఆటలో ఉండగా ఒకరు అదుపు తప్పి పడ్డారని ఉంది. ఉద్దేశపూర్వకంగా ఎవరూ ఏమీ చెయ్యలేదని ఉంది. ఇంగ్లీషులో కూడా ఆ వాక్యం ఎంత నున్నగా ఉందో!

"అది నా మాట కాదు," అంది అనిక ఇంగ్లీషులో. మెల్లిగా అంది, కానీ అంది.

దామోదర్ కలం గాలిలోనే ఆగిపోయింది. వైస్ ప్రిన్సిపాల్ తల ఎత్తింది. కారిడార్‌లో పిల్లలు నవ్వుకుంటూ వెళ్తున్నారు.

ఉమామహేశ్వరరావు గారు జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పారు. "ఇది అనిక స్టేట్‌మెంట్. తెలుగులో ఉంది. నేను చదువుతాను. ఆ పిల్ల మీకు చెబుతుంది." ఆవిడ ఒప్పుకుందో లేదో చూడకుండా మొదలుపెట్టారు. ఒక్కో వాక్యం చదివి ఆగారు. అనిక ఇంగ్లీషులో చెప్పింది. పేపర్లు చూపించమనే ఆట. డిపోర్ట్ అని తొయ్యడం. రియా ఏడవడం. వాటర్ బాటిల్. ఒకటి, రెండు, మూడు. అవతలివాణ్ణి తను తోసింది కూడా చెప్పింది. రేణు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దామోదర్ బల్ల వైపే చూస్తున్నాడు.

ఆఖరి వాక్యం వచ్చింది. "చదివి వినిపించగా విని, సరియైనదని ఒప్పుకొని సంతకం చేసితిని." ఆయన తల ఎత్తి, జీవితంలో మొట్టమొదటిసారి ఆ వాక్యాన్ని ప్రశ్నగా అడిగారు. "సరిగ్గా ఉందా తల్లీ?"

"లేదు," అంది అనిక.

ఆయనకి అర్థం కాలేదు.

"మండే లేదు తాతయ్యా. మండే మీకు చెప్పాను కదా. మీరు రాయలేదు."

ఆ మాట తెలుగులో అంది. వైస్ ప్రిన్సిపాల్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ రేణు తండ్రి వైపు తిరిగింది. "సోమవారం ఏంటి నాన్నా? నీకేం చెప్పింది?"

పొద్దున ఆ పిల్లకి తప్పు చేశానని చెప్పి కూడా, కాగితం మీద మాత్రం ఆ ముక్క వదిలేశారాయన. కావాలని కాదు. చెయ్యి దానంతటదే దాటేసింది. ఎవరిని కాపాడాలో ఆ చేతికి ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలుసు. ఇప్పుడు కూడా తప్పించుకోవచ్చు. అదిక్కడ అనవసరం అనొచ్చు, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అనొచ్చు. అవతల కూర్చున్నావిడకి భాష రాదు. ఇటుకల బట్టీ మనిషికి కూడా భాష రాలేదు.

ఆయన కలం తీశారు. సంతకం కోసం వదిలిన జాగాకి పైన ఇంకో రెండు వాక్యాలు రాశారు. ముత్యాల్లాంటి చేతిరాత కాదది, కోడి కెలికినట్టు వచ్చింది. రాసి, గొంతు సవరించుకుని, చదివి వినిపించారు. "సోమవారం నాడు బ్యాగు పట్టీ తెగిన సంగతి నేను మా తాతయ్యకి చెప్పితిని. ఇంట్లో చెప్పవద్దనీ, జారిపడ్డానని చెప్పమనీ ఆయన నాకు నేర్పెను."

అనిక తర్జుమా చెయ్యకుండా ఆయన్నే చూస్తోంది.

"చెప్పు తల్లీ. ఆవిడకి కూడా చెప్పు."

అనిక చెప్పింది. రేణు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, జాలో, రెండూనో. ఆమె తనని అనాల్సింది తర్వాత ఉంటుందని ఆయనకి తెలుసు, ఉండాలని కూడా అనుకున్నారు.

"ఇప్పుడు సరిగ్గా ఉందా?"

"ఇప్పుడు కరెక్ట్," అని అనిక కలం తీసుకుని, ఆదివారం తెలుగు క్లాసులో నేర్చుకున్న తన పేరు మూడు అక్షరాలూ పెద్దగా రాసింది. దామోదర్ తన ముందున్న స్కూలు కాగితాన్ని బోర్లా తిప్పి పక్కకి జరిపాడు. ముఖం పాలిపోయి ఉంది. భయం పోలేదు, ఎక్కడికి పోతుంది? అయినా బల్ల మీదికి వంగి, "నేనెక్కడ పెట్టాలి మామయ్యగారూ?" అన్నాడు. ఆయన వేలితో చూపించారు, సాక్షులుండే చోటు. దామోదర్ సంతకం చేశాడు.

వైస్ ప్రిన్సిపాల్ లేచి తలుపు వేసి వచ్చి, సొరుగులోంచి కొత్త ప్యాడ్ తీసి, పైన తారీఖు వేసింది. "మొదటి నుంచీ చెప్పు అనికా. రెండో వారం అన్నావు కదా, అక్కణ్ణుంచి."

అనిక స్లీవు మోచేతి పైదాకా మడిచి, చెయ్యి బల్ల మీద పెట్టింది. నోరు తెరవబోయి ఆగింది.

"మీరు రాయడం అయ్యాక," అని అడిగింది ఇంగ్లీషులో, "నాకు చదివి వినిపిస్తారా?"